రెక్కల బండి, తయారీ: తోమా

జనవరి 21, 2007, ఆదివారం

పురుగుమందుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున పచ్చపురుగు బొమ్మ. ఇన్నాళ్ళూ షెడ్డులో వెల్డింగ్ రాడ్ల పెట్టె మీద పడి ఉంది. ఇవాళ ఎవరితో చెప్పుకున్నా గొడవయ్యేంత చిరాకుగా ఉంది కాబట్టి దీంతో చెప్పుకుంటున్నాను.

సినిమా పత్రికలో బొమ్మ వచ్చింది. మా హీరో కొత్త సినిమాలో ఎక్కే బండి. కథ 2060లో జరుగుతుందట, బండి కూడా అప్పటిదే. బొమ్మ అరచెయ్యంత ఉంది, అచ్చు చెదిరిపోయింది. దాని మీద మా షెడ్డు ఎదురు టీ కొట్టు దగ్గర అభిమాన సంఘం మొత్తం పొద్దున ఎనిమిదింటి నుంచి భోజనాల వేళ దాకా వాదించుకుంది.

బండికి రెండు పక్కలా రెండు పైపులు చేతులు చాపినట్టున్నాయి. ఒక్కో పైపు చివర చిన్న చక్రం. ముందు నుంచి ఇంకో లావు పైపు పొడుచుకొచ్చింది. పక్కవి రెక్కలని ఒకడు, గోడల మీద పరిగెత్తడానికని ఇంకొకడు. ముందుది తుపాకీ గొట్టమని ముగ్గురు. పెట్రోలు ట్యాంకు ఏదని అడిగితే "2060లో పెట్రోలు ఎక్కడుండిద్ది, గాలితో నడుస్తది" అన్నారు. "మరి హీరోయిన్ ఎక్కడ కూర్చుంటది?" అని వీరబాబు అడిగాడు. దాంతో అందరూ ఇంకో టీ చెప్పారు.

వీరబాబు ఒక్కడే కాస్త బుర్ర పెట్టి మాట్లాడతాడు. జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. పద్దెనిమిదేళ్ళుగా వాడికీ నాకూ ఒకే హీరో, ఒకే వరస సీట్లు. మొదటి ఆటకు టిక్కెట్లు వాడు సంపాదిస్తాడు, కటౌట్ నేను నిలబెడతాను.

చిరాకు బండి గురించి కాదు. టీ కొట్టు మీద కొత్త సంవత్సరం ఫ్లెక్సీ ఉంది. హీరో బొమ్మ చుట్టూ సంఘం వాళ్ళ ఫొటోలు, నలభై ఎనిమిది. ఇవాళ కూర్చుని లెక్కపెట్టాను. మొన్న మొన్న మీసాలు మొలిచినవాళ్ళు కూడా ఉన్నారు, నేను లేను. ఆ ఫ్లెక్సీ బిగించిన ఇనప చట్రం మాత్రం నేను చేసిందే.

జనవరి 25

త్రినాథ్ గారు షెడ్డుకొచ్చారు. సంఘం అధ్యక్షుడు. మిర్చి యార్డులో వాళ్ళ నాన్నగారికి కొట్టుంది. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నేను గారు అంటాను, ఆయన ఏరా అంటారు. అలవాటైపోయింది, అందులో రాయడానికేం లేదు.

"ఏరా తోమా, ఆ బండి మనం చేద్దాం. ఈసారి బాక్సు దాని మీద రావాల. జిల్లాలో ఎవడూ చేసి ఉండకూడదు."

రీళ్ళ బాక్సుని ప్రతిసారీ విజయవాడ నుంచి వ్యానులో తెచ్చి, దండలేసి, డప్పులతో థియేటరు దాకా ఊరేగిస్తాం. అదే బాక్సు 2060 నాటి బండి మీద వస్తే చూడాలి. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు.

"పాత బుల్లెట్టు ఒకటి దొరికితే చేస్తానండీ" అన్నాను.

"చెయ్యి. ఫ్లెక్సీ మీద నీ ఫొటో వేయిస్తా. బండి తయారీ, తోమా అని. మధ్యలో."

మధ్యలో అన్నారు. రెండుసార్లు అన్నారు.

ఎలీసమ్మకి చెప్పాను. మిర్చికాయలకు తొడిమలు తీసే పని నుంచి అప్పుడే వచ్చి, మండే చేతులకు నూనె రాసుకుంటోంది. "ట్రాక్టరు ట్రక్కులకి సీజనొచ్చింది. రైతులొచ్చి గోల చేస్తే నీ త్రినాథు సమాధానం చెప్తాడా?" అంది. నా భార్యకు సినిమా మీద అభిమానం లేదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

జనవరి 28, ఆదివారం

సంఘం వాళ్ళు బ్రాడీపేటలో నెట్ సెంటరుకి పోయి అదే బొమ్మ పెద్దది తీయించుకొచ్చారు. రెండు కాగితాలు అతికిస్తే టేబులంత అయింది. నా దగ్గర పెట్టి వెళ్ళారు, కొలతలు తీసుకోమని.

ముందున్న లావు పైపు చివర రింగు ఉంది. అది నాకు తెలుసు. ట్రాక్టరుకి ట్రక్కు తగిలించే రింగు. నెలకి నాలుగు చేస్తాను. లోపల ఒకవైపు అరిగి మెరుస్తోంది కూడా, అంటే దాన్ని ఏదో లాగింది. ఈ బండి తనంతట తాను పోవడం లేదు. ముందు కెమెరా పెట్టిన వ్యాను ఏదో లాగుతుంటే హీరో పైన కూర్చున్నాడు. పక్క పైపులు ఆయన పడిపోకుండా పెట్టినవి. వాటికి వెల్డింగ్ కూడా లేదు, పందిరి గొట్టాలకు వేసే క్లాంపులతో బిగించారు. షూటింగు అయిపోగానే విప్పేస్తారు.

రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. అదే.

ఏమో, అచ్చు బాగాలేదు. పొరబడ్డానేమో.

ఫిబ్రవరి 4, ఆదివారం

మీటింగు మా షెడ్డులోనే. ఇరవై మంది వచ్చారు. సగం మంది పూర్తికాని ట్రక్కు తొట్టిలో కూర్చున్నారు. బొమ్మ గోడకి అంటించాం.

వీరబాబు లేచి బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇయ్యి బండియ్యి కాదు. సైకిలు నేర్చుకునే పిల్లోడికి పక్క చక్రాలు పెడతారు చూడు, అట్టాంటియ్యి. ఇయ్యి రెండూ నేలకి ఆనితే బండి వంగదు. వంగకపోతే మలుపు ఎట్టా తిరుగుద్ది? షూటింగు కోసం తగిలిచ్చారు, అంతే."

"2060లో వంగక్కర్లా" అన్నారు త్రినాథ్ గారు.

"2060లో అయినా మలుపులు ఉంటయ్యి కదండీ."

అందరూ నవ్వారు. త్రినాథ్ గారు నవ్వలేదు. "అంటే ఏందిరా, మన హీరోకి బండి తోలడం రాదంటావా? పక్క చక్రాలు పెట్టి తోలిచ్చారంటావా?"

వీరబాబు అటూ ఇటూ చూసి నా వైపు తిరిగాడు.

"ఒరేయ్ తోమా, నువ్వు చెప్పరా. ఆ ముందు రింగు చూడు. నీకు తెలవదా అదేందో?"

అందరూ నన్ను చూశారు. త్రినాథ్ గారు కూడా చూశారు.

సినిమావాళ్ళు ఏం పెట్టారో మనకేం తెలుసు అన్నాను.

టీలు వచ్చాయి. రెక్కలు నాలుగేసి అడుగులు ఉండాలని తేలింది.

ఫిబ్రవరి 5

నేను అబద్ధమేమీ ఆడలేదు. సినిమావాళ్ళ సంగతి మనకేం తెలుసు అన్నాను. నిజంగా మనకేం తెలుసు?

ఫిబ్రవరి 11, ఆదివారం

విడుదలకి ముందు సినిమా గురించి చెడు మాట అన్నవాడిని సంఘంలో ఉంచరు. ఇది మొదటి నుంచీ ఉన్న పద్ధతే. రిజిస్టరులో వీరబాబు పేరు మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. పద్దెనిమిదేళ్ళవాడు. వాడూ కాస్త నోరు అదుపులో పెట్టుకోవాల్సింది.

టీ కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు. పలకరిద్దామని గ్లాసు కింద పెట్టాను. వాడు సైకిలు ఆపలేదు.

ఫిబ్రవరి 23

బుల్లెట్టు దొరికింది. ట్యాంకు తీసి సీటు కింద చిన్న డబ్బా పెట్టాను, మడ్‌గార్డులు పీకేశాను. రేకు వంచి ముందు ముక్కు చేశాను. వంపు బాగా వచ్చింది. ఇంత బాగా వస్తుందని నేనే అనుకోలేదు. ఎవరికీ చూపించడానికి లేదు, చూడాల్సినవాడు రావడం లేదు.

మార్చి 8

రైతు యలమందయ్య వచ్చి షెడ్డు ముందు నిలబడి అరిచాడు. "నా కాయ కళ్ళంలో ఎండి గలగలలాడతంది. రేపంటావు, ఎల్లుండంటావు. ట్రక్కేదయ్యా?" ఆయన ట్రక్కు ఇరుసు లేకుండా దిమ్మల మీద నిలబడి ఉంది. దాని పక్కనే మెరుస్తూ నా బండి. యలమందయ్య బండిని చూశాడు, నన్ను చూశాడు. "ఇదేంది, మందు కొట్టే మిషనా?" అన్నాడు.

ఆయన మీద కోపం రావడం న్యాయం కాదు. అయినా వచ్చింది.

మార్చి 18, ఆదివారం

యలమందయ్య అన్న మాట అవతలి హీరో అభిమానులకు ఎట్లానో తెలిసిపోయింది. షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసి పోయారు: ఇచ్చట పత్తికి మందు కొట్టబడును.

మా వాళ్ళు గొడవకి పోతామన్నారు. నేను సున్నం వేశాను. సున్నం కింద నుంచి ఇంకా కనిపిస్తోంది.

మార్చి 19

అసలు ఆ రోజు నేను అటూ ఇటూ కాకుండా మాట్లాడాను. సరిగ్గా వింటే నాకూ అనుమానం ఉందని ఎవరికైనా అర్థమయ్యేది. వీరబాబుకే అర్థం కాలేదు. వాడెప్పుడూ అంతే, సగం విని ముఖం మాడ్చుకుంటాడు.

ఏప్రిల్ 6, గుడ్ ఫ్రైడే

షెడ్డు తెరిచాను. ఎలీసమ్మ తెల్లచీర కట్టుకుని, నా కోసం ఆగకుండా గుడికి వెళ్ళింది. మూడు గంటల ఆరాధన జరుగుతున్నంతసేపూ నేను కుడి రెక్క వెల్డింగ్ చేశాను. పైపు రెండుసార్లు వంకరపోయింది.

ఏప్రిల్ 15, ఆదివారం

ఇవాళ గొడవ నంబరు ప్లేటు మీద. ఏపీ 7 అని వెయ్యాలా, 2060లో జిల్లాలుంటాయా ఉండవా. మధ్యాహ్నం రెండైంది. ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. నలుపు రంగా, నీలమా అన్నది ఇంకా తేలనే లేదు. నల్లగా వేసి పైన నీలం గీత కొట్టాలని త్రినాథ్ గారు తీర్పు చెప్పారు.

బండి తోలి చూశాను. తిన్నగా అయితే చక్కగా పోతుంది. హ్యాండిలు తిప్పితే పక్క చక్రం నేలని గట్టిగా పట్టేసి, బండి తిన్నగానే పోతుంది. వంగదు. వంగదని తెలుసు.

సంఘంలో ఎవరూ మలుపు గురించి అడగలేదు. అడిగినవాడిని తీసేశారు.

ఏప్రిల్ 29, ఆదివారం

నాకు గుర్తున్నంతవరకు, అనుమానంగా ఉందని నేను ఆ రోజు అన్నాను. గట్టిగా అనలేదు, అది ఒప్పుకుంటాను. కానీ అన్నాను.

మే 7

ఫ్లెక్సీ రంజాన్ షాపులో తయారైంది. వెళ్ళి చూశాను. హీరో కింద బండి, బండి కింద నా ఫొటో. పెళ్ళిలో తీసిన ఫొటో ఇచ్చాను, జుట్టు ఎక్కువగా ఉంటుందని. 'బండి తయారీ: తోమా'. అక్షరాలు జానెడు ఎత్తున్నాయి. రంజాన్ చుట్టి లోపల పెట్టబోతే ఇంకొంచెంసేపు ఉంచమన్నాను.

"నువ్వేనా తోమా భాయ్? గుర్తే పట్టలా" అన్నాడు.

చాలా సంతోషంగా ఉంది. ఏ బాధా లేకుండా సంతోషంగా ఉందని రాసుకోవాలని ఇంటికి రాగానే డైరీ తీశాను. ఇదుగో, రాశాను.

మే 10, గురువారం

బండిని ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుని విజయవాడ వెళ్ళి బాక్సు తీసుకున్నాం. దారిలో మంగళగిరి దగ్గర ఆగాం. సంఘం వాళ్ళు బాక్సు తలమీద పెట్టుకుని కొండెక్కి స్వామికి పానకం పోయించుకొచ్చారు. నేను కింద బండికి కాపలా. చేనేత పనివాళ్ళు చుట్టూ మూగి, ఎగురుద్దా అని అడిగారు. ఎగరదన్నాను.

గుంటూరు పొలిమేరలో బండి దించాం. త్రినాథ్ గారు ఎక్కారు, వెనక బాక్సు కట్టాం. డప్పులు, టపాకాయలు. ఎండకి తారు మెత్తబడింది. తిన్నగా ఉన్నంతసేపూ ఎంత బాగుందో! జనం మిద్దెలెక్కి చూశారు. బ్రాడీపేట మలుపు దగ్గర బండి తిరగలేదు. నలుగురం వెనక భాగం ఎత్తి పక్కకు జరిపి పెట్టాం. మళ్ళీ ఇంకో మలుపు. మళ్ళీ ఎత్తాం. థియేటరుకి ఆరు మలుపులు.

మూడో మలుపు దగ్గర వీరబాబు సోడాబండి పక్కన నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. నవ్వినా బాగుండేది.

మే 11, శుక్రవారం

మొదటి ఆట.

తెర మీద బండి ఇరవై నిమిషాలకు వచ్చింది. పొగలోంచి. సన్నగా, నల్లగా, రెండే చక్రాలు. రెక్కలు లేవు. ముందు గొట్టం లేదు. హీరో ఒక మలుపులో మోకాలు నేలకి తగిలేంతగా వంచి తిప్పాడు.

హాలంతా ఈలలు. మా వరసలో మాత్రం ఒక్కరూ కదల్లేదు. నాకు ఒక్క క్షణం ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. నేననుకున్నదే! పక్కకు తిరిగాను, చెబుదామని. పక్క సీటులో ఎవరో తెలియని మనిషి ఉన్నాడు.

ఇంటర్వెల్‌కే అవతలి హీరో వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేశారు. బండి చుట్టూ చేరి, రెక్కలు పట్టుకుని, ఎకరానికి ఎంత మందు పడుద్దని అడుగుతున్నారు. పేపరు వాళ్ళ కెమెరా కూడా వచ్చింది. విలేకరి త్రినాథ్ గారిని అడిగాడు, ఇదేమిటండీ అని.

"మాకేం తెలవదండీ. తోమా గారు చేశారు. అదుగో, ఆయనే. పేరు కూడా వేశాం చూడండి."

గారు అన్నారు. ఆయన నోట ఇదే మొదటిసారి.

మే 12

జిల్లా పేజీలో ఫొటో వేశారు. నా పేరు తప్పుల్లేకుండా వేశారు.

మే 13, ఆదివారం

నేను మొదటి రోజే చెప్పాను. ఇరవై మంది ముందు చెప్పాను, అది లాగే రింగు అని, షూటింగుది అని. ఒక్కడూ వినలేదు. ట్రక్కుల వెల్డింగువాడి మాట ఎవరు వింటారు? విని ఉంటే ఇవాళ ఇంత పరువు పోయేదా? ఇప్పుడు అందరూ నా మీద తోసేసి చేతులు దులుపుకుంటున్నారు. రక్తం మరిగిపోతోంది.

ఎలీసమ్మతో ఇదే అన్నాను. అన్నం వడ్డిస్తూ ఆగి, "చెప్పావా?" అంది.

"చెప్పాను."

"మరి వీరబాబు అన్నతో పాటు నిన్నెందుకు తీసెయ్యలా?"

డైరీ ఉంది చూపిస్తానన్నాను. తారీఖుతో సహా ఉందన్నాను. చెయ్యి కడుక్కోకుండా లేచి వెళ్ళి తెచ్చాను. ఫిబ్రవరి నాలుగు తీశాను. తర్వాత అయిదు. తర్వాత వెనక్కి వెళ్ళి జనవరి ఇరవై ఎనిమిది. మళ్ళీ ఫిబ్రవరి నాలుగు.

ఎలీసమ్మ ఏం రాసుందో అడగలేదు. అన్నం చల్లారిపోతోందని చెప్పింది.

నేను చెప్పలేదు. రింగు చూశాను, క్లాంపులు చూశాను, అన్నీ తెలుసు. ఒక్క ముక్క చెప్పలేదు. వీరబాబు నన్ను నమ్మి పదిమందిలో పేరు పెట్టి అడిగితే, జానెడు అక్షరాల కోసం వాడిని ఒంటరిగా వదిలేశాను. మూడు నెలలుగా రోజుకో రకంగా మార్చుకుని చివరికి నిజమని నమ్మేశాను కూడా. సిగ్గుగా ఉంది. ఇంకే మాటా సరిపోదు.

మే 14

మిల్లుకి వెళ్ళాను. పత్తి సీజను అయిపోయింది కదా, రోలర్లు విప్పి కింద పరిచి ఉన్నాయి. వీరబాబు నన్ను చూసి కూడా పని ఆపలేదు. నిలబడే చెప్పాను. నాకు ఆ రోజే తెలుసురా, కావాలనే చెప్పలేదు అన్నాను.

"నీకు తెలుసని నాకు తెలుసు" అన్నాడు.

"మరి..."

"ఇది నాకెందుకు చెప్తన్నావు? ఆ మాట ముందుగా అన్నది నేనేగా. ఆ రోజు ఇరవై మంది ఉన్నారు. చెప్తే ఆళ్ళకి చెప్పు. సినిమా వచ్చినాక చాటున చెప్పేదానికి నువ్వెందుకు, గోడ మీద పోస్టరు చూసుకుంటే చాలదా?"

గ్రీజు గుడ్డ తీసుకుని అవతలి రోలరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మే 15

టీ కొట్టు దగ్గర అందరూ ఉన్నారు. మూడు టీలు తాగి వచ్చేశాను.

మే 16

రెండు టీలు.

మే 17

చెప్పాను.

సాయంత్రం ఆరింటికి. పదిహేడు మంది ఉన్నారు, లెక్కపెట్టాను. లేచి నిలబడి, "త్రినాథ్ గారూ, ఒక మాట" అన్నాను. ఎవరూ వినలేదు, సినిమాలో ముందు చక్రం గురించి అరుచుకుంటున్నారు. ఇనప బల్ల మీద గ్లాసు గట్టిగా కొట్టాను. అప్పుడు చూశారు.

ఆ రెక్కలు షూటింగు కోసమని నాకు జనవరిలోనే తెలుసు. వీరబాబు చెప్పింది నిజమని తెలుసు. ఫ్లెక్సీ మీద పేరు పోతుందని నోరు మూసుకున్నాను. తప్పు వాడిది కాదు, నాది. ఇంతే చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

త్రినాథ్ గారి ముఖం ఎర్రబడింది. "తెలిసీ చేశావా? తెలిసి తెలిసి మా అందరినీ రోడ్డు మీద నిలబెట్టావంట్రా?"

"అవునండీ."

గారు పోయింది. మళ్ళీ ఏరా, ఒరేయ్. ఎందుకో ప్రాణం తేలికపడింది. వీడి పేరు కొట్టేయండి అన్నారాయన. కార్యదర్శి రిజిస్టరు తెచ్చి ఎర్ర పెన్ను తీశాడు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతికాడు. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. వెనక నిలబడి ఇంకో ఇద్దరు వెతికారు. త్రినాథ్ గారు లాక్కుని తనే చూశారు.

నా పేరు లేదు. పద్దెనిమిదేళ్ళుగా లేదు. కటౌట్లు, చట్రాలు, ఆర్చీలు అన్నీ చేశాను, ఎవరూ రాయలేదు. రాశారో లేదో నేనూ ఎప్పుడూ అడగలేదు.

కార్యదర్శి పెన్ను పట్టుకుని, "ఏం చెయ్యమంటారండీ?" అన్నాడు.

"ముందు రాయి. రాసి కొట్టెయ్" అన్నారు త్రినాథ్ గారు.

నవ్వులేం రాలేదు. అందరూ చాలా గంభీరంగా ఉన్నారు. కార్యదర్శి కొత్త పేజీ తిప్పి, నా ఇంటిపేరు ఏమిటని అడిగాడు. ఇన్నేళ్ళలో అడగడం ఇదే మొదలు. చెప్పాను. తండ్రి పేరు అడిగాడు. అదీ చెప్పాను. నీలం పెన్నుతో శుభ్రంగా రాసి, ఆరనిచ్చి, ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

మే 18

బండి రెక్కలు కోసేశాను. యలమందయ్య ట్రక్కుకి ఇరుసు వేశాను. కాయంతా యార్డుకి పోయినాక ఇప్పుడెందుకని అడిగాడు.

మే 20, ఆదివారం

గుడి నుంచి వచ్చేసరికి వీరబాబు షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. సంఘం సంగతి ఎత్తలేదు. ఊరంతా తెలిసిందే, వాడికి తెలియకుండా ఉంటుందా? నేనూ ఎత్తలేదు. ఎలీసమ్మ టీ ఇచ్చింది.

"సినిమా చూశా నిన్న. ఆ ముందు చక్రం చూశావా? మధ్యలో ఇరుసు లేదు. ఉత్త రిమ్మే. అట్టా ఎట్టా తిరుగుద్దిరా? కంప్యూటర్లో గీశారు, అంతే. అట్టాంటిది చెయ్యడం ఎవడి వల్లా కాదు."

నాకు అలా అనిపించలేదు. రిమ్ము లోపలివైపు చుట్టూ బేరింగులు కూర్చోబెడితే ఇరుసు లేకుండానే తిరుగుతుంది. మొదటి ఆటలోనే తోచింది. కానీ వాడు నా గుమ్మంలోకి వచ్చి పది నిమిషాలు కాలేదు. మూడు నెలల తర్వాత వచ్చాడు. అవునని తలూపితే సరిపోయేది.

"తిరుగుద్ది" అన్నాను.

"తిరగదు."

"తిరుగుద్దిరా. నువ్వు చెప్పేది తప్పు."

వాడు టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. కోపం వచ్చింది, స్పష్టంగా వచ్చింది. ఇరవై ఏళ్ళ నుంచి మిషన్లు విప్పుతున్నాను, ట్రక్కులు అతికించేవాడు నాకు చెప్పేదేంది అన్నాడు. నేనూ గొంతు పెంచాను. ఎలీసమ్మ బయటికి వచ్చి మా ఇద్దరినీ చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

సగం టీ వదిలేసి సైకిలెక్కాడు. "రేపు కాయితం మీద గీసి చూపిస్తా, అప్పుడు మాట్లాడు" అని అరుస్తూ వెళ్ళాడు. రానీ, చూద్దాం.